గోడ దాటిన గింజ

నెల్లూరు సీమలో తూర్పుగా సముద్రము వైపు పోయిన కొలది నేల ఇసుకబారును. సరుగుడు తోపులు, తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, నడుమ నడుమ ఉప్పునీటి కాలువలు కనబడును. ఆ త్రోవలలో కంచెలమీదను తుప్పలమీదను అల్లుకొను తీగలలో దూలగొండి యొకటి. దీనిని ఎరుగని పల్లెటూరి బిడ్డ లేడు. ఊదారంగు పూగుత్తులు, పండిన కాయమీద బంగారు వన్నె నూగు దీని గుర్తులు. ఆ నూగు మేనికి తగిలినచో పుట్టు దురదను మేము వర్ణింప నక్కరలేదు. సంస్కృతమున దీనికి కపికచ్ఛువని యొక పేరు, ఆత్మగుప్త యని మరియొక పేరు. తన్ను తాను కాపాడుకొనునది యని రెండవ దాని యర్థము. కాయ యింత కాపుదలతో దాచుకొన్న గింజ మాత్రము నున్నగా, అమాయకముగా మెరయుచుండును.

ఆ గింజలోని యొక పదార్థము మనుష్యుని మెదడు చేరుకొన్న చరిత్రను ఈ ప్రసంగమున చెప్పదలచితిమి. గింజలో ఆ పదార్థ మున్నదని కనుగొనుట రసాయన శాస్త్రజ్ఞులకు అంత కష్టము కాలేదు. దానిని మెదడునకు చేర్చు దారి కనుగొనుటయే కష్టమైనది. మూలికల మహిమను గూర్చి మనము తరచుగా వినుచుందుము. వాటి దారిని గూర్చి అడుగువారు తక్కువ. మా దృష్టిలో అసలు చరిత్ర ఆ దారిదే.

ముందుగా వ్యాధిని గూర్చి నాలుగు మాటలు. పెద్దవారికి చేయి వణకినను, అడుగు తడబడినను, మాట సన్నగిల్లినను, ముఖమున కదలిక తగ్గినను, అది ముసలితనమునకు సహజమేయని మన యిండ్లలో సరిపెట్టుకొందుము. వణకెడి ప్రతి చేయియు నొకే వ్యాధికి గుర్తు కాదు. కాని యిట్లు సరిపెట్టుకొన్న వానిలో చికిత్సకు లొంగునవి కొన్ని కలవు. వానిలో ముఖ్యమైనది పార్కిన్‌సన్ వ్యాధి. జేమ్స్ పార్కిన్‌సన్ అను లండను వైద్యుడు 1817లో ఆరుగురు రోగుల స్థితిని వర్ణించి యొక చిన్న గ్రంథము ప్రకటించెను. తెలుగునాట వైద్యులు శిరసావహించిన బసవరాజీయమున కంపవాత మను పేర ఇట్టి లక్షణములే చెప్పబడినవి. మెదడు అడుగుభాగమున నల్లని రంగు గల యొక కణముల గుంపు ఉన్నది. డోపమైన్ అను రసమును తయారుచేసి కదలికలను దిద్దుట దాని పని. ఆ కణములు ఒకటొకటిగా నశించుటయే యీ వ్యాధి. రోగికి వణకు కనబడు నాటికే వానిలో పెక్కుభాగము నశించి యుండును.

డోపమైన్ తగ్గినదన్నచో డోపమైన్‌నే సూదితో ఎక్కింపరాదా యని శ్రోతలలో ఎవరికైనను తోచవచ్చును. ఎక్కించినను లాభము లేదు. మెదడునకును రక్తమునకును నడుమ ఒక గోడ యున్నది. ఆ గోడ కనుగొనబడిన వృత్తాంతమున మన తీరమునకును దూరపు చుట్టరికము కలదు గనుక దానిని కొంత వివరించెదము.

పదునేడవ శతాబ్దమున ఆంగ్ల వర్తకులు చెన్నపట్టణమునకు రాక పూర్వము, 1626 ప్రాంతమున, నెల్లూరు తీరమున దుగరాజపట్నమున ఒక కొఠీ కట్టుకొనిరి. దానికి వారు ఆర్మగాన్ అని పేరు పెట్టిరి. వారిని ఈ తీరమునకు లాగుకొని వచ్చినది అద్దకపు బట్ట. ఆ బట్టకు కెంపువన్నె నిచ్చునది చిరివేరు. ఇసుక నేలలో పెరుగు నొక చిన్న మొక్క యొక్క సన్నని వేరు అది. దానిలోని రంగుపదార్థము పేరు అలిజరిన్. పటిక పట్టించిన బట్టపై చిరివేరు రంగు వేసినచో ఎన్ని ఉతుకులకును వదలదు. ఈ రంగును వేరుతో పనిలేకుండ నేలబొగ్గు తారునుండి తయారుచేయు విధమును 1868లో గ్రేబె, లీబర్‌మాన్ అను జర్మను రసాయనికులు కనిపెట్టిరి. తరువాత కొద్ది యేండ్లలోనే వేరు త్రవ్వువారి జీవనమునకు గండి పడినది. జర్మనీలో రంగుల కర్మాగారములు బలిసినవి. నీలి, ఎరుపు, ఊదా, పచ్చ - వందల కొలది క్రొత్త రంగులు బయలుదేరినవి.

ఆ రంగులను బట్టలకు గాక జంతువుల రక్తమునకు ఎక్కించి చూచినవాడు పాల్ ఎర్లిఖ్. 1885లో ఆయన ప్రకటించిన ఫలితములు విచిత్రముగా నున్నవి. జంతువు రక్తమున రంగు ఎక్కించినచో కాలేయము, మూత్రపిండములు, కండరములు అన్నియు రంగు పట్టినవి; మెదడు మాత్రము తెల్లగా నిలిచినది. మెదడునకు రంగు పట్టు గుణము లేదని ఎర్లిఖ్ భావించెను. ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ దీనిని తలక్రిందులు చేసి చూచెను. 1913లో ఆయన నీలిరంగును రక్తమున గాక మెదడు చుట్టు నుండు ద్రవమున ప్రవేశపెట్టెను. మెదడంతయు నీలమైనది, తక్కిన శరీరము తెల్లగా నిలిచినది. మెదడు రంగును పట్టును. కాని రంగు రక్తమునుండి మెదడులోనికి పోలేదు. నడుమ అడ్డు కలదు. చిరివేరును మూలకు త్రోసిన రంగులే ఈ గోడను లోకమునకు చూపినవి. చరిత్రలో ఇట్టి చుట్టరికములు మనము వెదకి కూర్చినవి కావు, వాటంతట అవే యుండును.

ఈ గోడ ఒక చోట నిలిచిన గోడ కాదు. మెదడులోని అతి సూక్ష్మమైన రక్తనాళముల అంచులే ఆ గోడ. వాని నన్నిటిని ఒకదాని చివర నొకటి చేర్చినచో సుమారు 600 కిలోమీటర్లగునని చెప్పుదురు - నెల్లూరు నుండి విశాఖపట్నమునకు రైలుదారి యెంతయో రమారమి అంత. శరీరమున తక్కిన చోట్ల రక్తనాళముల కణముల నడుమ సందు లుండును. మెదడులో ఆ కణములు ఒకదానినొకటి కుట్టివేసినట్లు అతుకుకొని యుండును. రీజ్, కర్నోవ్‌స్కీ అనువారు 1967లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు సాయమున ఆ అతుకులను కన్నులార చూచి చూపించిరి. క్రొవ్వులో కరుగు కొన్ని చిన్న పదార్థములు ఈ గోడను చొచ్చుకొని పోగలవు. చక్కెరకు, ఆహారపు మాంసకృత్తులనుండి పుట్టు అమినో ఆమ్లములకు ప్రత్యేకపు వాకిళ్లు కలవు. ఇతరములకు ప్రవేశము దుర్లభము. చిన్న అణువులతో చేసిన మందులలో సైతము నూటికి 98 దాకా ఈ గోడ దాటజాలవని అమెరికా శాస్త్రజ్ఞుడు విలియమ్ పార్‌డ్రిడ్జ్ లెక్క.

గోల్డ్‌మన్ గోడను చూపిన 1913లోనే స్విట్జర్లాండులో బేసెల్ నగరమున మార్కస్ గుగ్గెన్‌హైమ్ అను రసాయనికుడు ఒక చిక్కుడుజాతి కాయనుండి డోపా అను అమినో ఆమ్లమును వేరుచేసెను. రెండున్నర గ్రాములు తానే మ్రింగి చూచి, వాంతి చేసికొనెను. ఆ వాంతికి కారణము తెలియుటకు ఇంకను చాలకాలము పట్టినది. ఆ మీదట 1937లో మదరాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అను నిరువురు మన దూలగొండి గింజలనుండి ఆ పదార్థమునే వేరుచేసి బయోకెమికల్ జర్నల్ అను పత్రికలో వ్యాసము వ్రాసిరి. నెల్లూరు అప్పటికి మదరాసు రాజధానిలోని జిల్లాయే. విదేశపు చిక్కుడు కంటె మన దూలగొండిలో డోపా చాల హెచ్చు. గింజ తూకమున సాధారణముగా నూటికి 4 మొదలు 6 పాళ్లుండును. కాని దీనికిని మెదడునకును సంబంధ మున్నదని ఆనాడు లోకమున ఎవరును ఎరుగరు. వ్యాసము అచ్చుపడి మూల నుండెను.

శరీరమందలి యొక ఎంజైము డోపాను డోపమైన్‌గా మార్చునని మరుసటి యేట, అనగా 1938లో, జర్మనీలో పీటర్ హోల్ట్‌జ్ కనుగొనెను. తరువాతి మలుపునకు మరల మన దేశపు మూలికయే కారణమైనది. సర్పగంధి వేరును ఉన్మాదమునకు, రక్తపుపోటునకు వాడవచ్చునని 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ ప్రకటించిరి. స్విట్జర్లాండువారు 1952లో దానినుండి రిసర్పిన్ అను సారమును తీసిరి. స్వీడనులో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో ఈ రిసర్పిన్‌ను కుందేళ్ల కిచ్చెను. అవి చెవులు వ్రేలవేసికొని, కదలక మెదలక బొమ్మలవలె పడియుండెను. అప్పుడు వానికి డోపా సూదిమందుగా నిచ్చెను. కొద్ది నిమిషములలో అవి తేరుకొని కదలసాగెను. రిసర్పిన్ మెదడులోని డోపమైన్‌ను ఖాళీ చేసినది, డోపా మరల నింపినది. డోపమైన్ ఇచ్చినచో గోడ దాటదు. డోపా యన్ననో అమినో ఆమ్లము, దానికి వాకిలి తెరచియే యున్నది. ఆహారపు వేషమున లోపలికి పోయి, అటుపిమ్మట డోపమైన్‌గా మారును. ఇంతటి సులువైన ఉపాయము మనుష్యుడు పన్నినది కాదు, ప్రకృతిలో సిద్ధముగా నున్నదే.

వియన్నాలో ఎరింగర్, హోర్నికీవిచ్ 1960లో మరణించిన రోగుల మెదళ్లను పరీక్షించి, పార్కిన్‌సన్ వ్యాధిలో డోపమైన్ మిక్కిలి తగ్గిపోవునని రుజువు చేసిరి. మరుసటి సంవత్సరమే బిర్క్‌మాయర్ తోడ్పాటుతో రోగులకు డోపా సూదిమందుగా నిచ్చిరి. మంచము దిగలేనివారు లేచి నడచిరి. కాని ఆ బలము కొన్ని గంటలు మాత్రమే నిలిచెను. కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరమున నోబెల్ బహుమానము వచ్చినది, హోర్నికీవిచ్‌కు రాలేదు. ఆయనకును భాగ మిచ్చియుండవలసినదని నాడు పెక్కురు శాస్త్రజ్ఞులు బహిరంగముగనే వ్రాసిరి. వారి మాట మాకును న్యాయముగనే తోచుచున్నది.

కొన్ని గంటల బలమును దినదినపు బలముగా మార్చిన ఘనత జార్జి కాట్జియాస్‌ది. గ్రీకు దేశమున పుట్టి అమెరికాలో బ్రుక్‌హేవెన్ ప్రయోగశాలలో పనిచేసిన ఈ వైద్యుడు 1967లో తన ఫలితములు ప్రకటించెను. ఆయన యుక్తి ఓర్పు. అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వారముల తరబడి కొంచెము కొంచెముగా పెంచుచు, దినమునకు 16 గ్రాముల వరకు నోటిద్వారా ఇచ్చెను. అంత యెందుల కన్నచో, మ్రింగిన డోపాలో చాల భాగము ప్రేగులలోను కాలేయమునను రక్తమునను డోపమైన్‌గా మారి గోడ ఇవతలనే వ్యర్థమగును. వ్యర్థమగుటయే కాదు, వాంతులు పుట్టించును, రక్తపుపోటును దించును. నాడు గుగ్గెన్‌హైమ్‌ను బాధించినది ఇదియే.

దీనికి కనుగొన్న విరుగుడు ఈ చరిత్ర యంతటిలోను మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము. డోపాను మార్చు ఎంజైమును అణచు మందు కలిపి యిచ్చినచో నష్టము తగ్గవలెను. కాని మెదడులో సైతము అణచినచో అసలు పని చెడును. కార్బిడోపా అను మందు ఆ ఎంజైమును అణచును, కాని గోడ దాటలేదు. గోడ ఇవతల ఎంజైమును ఆపును, అవతల తాకనేరదు. అంతకాలము అడ్డముగా నిలిచిన గోడయే ఇక్కడ కాపుగా ఉపకరించినది. దీనితో డోపా మోతాదు ఇంచుమించు నాలుగవ వంతునకు దిగినది. ఈ రెండును కలిసిన మాత్రకు అమెరికాలో 1975లో అనుమతి లభించినది. నేటికిని ఈ వ్యాధికి ప్రధానమైన మందు ఇదియే. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అత్యవసరపు మందుల పట్టికలో దీనికి స్థానము కలదు. ఇది వ్యాధిని మాన్పదు. కణములు నశించుటను ఆపదు. కొన్ని యేండ్లు వాడిన పిమ్మట కొందరికి మేను తనంత తాను మెలికలు తిరుగుట మొదలగు ఇబ్బందులును కలుగును. అయినను చేతికి గ్లాసు నిలుచుట, పంచె కట్టుకొనుట, ఒకరి ఆసరా లేక వీధి యరుగుదాక పోవుట ఎంతటి భాగ్యములో అవి పోయి మరల వచ్చినవారిని అడుగవలెను.

గింజ సంగతి యేమైనదని శ్రోతలు అడుగవచ్చును. మందుల కర్మాగారములు డోపాను ఎక్కువగా రసాయనిక రీతినే తయారుచేసినవి. మన దేశమున మాత్రము గింజను మరువలేదు. ప్రాచీన వైద్యగ్రంథములలో దీని ప్రసిద్ధి ముఖ్యముగా బలమునకును వాజీకరణమునకును. కంపవాతమునకు దీనినే నియమించిరనుట యిటీవలివారు చెప్పుకొన్న అన్వయమని మా యభిప్రాయము. 1978లో బొంబాయి వైద్యులు కొందరు గింజల పొడి నిచ్చి చూచి ప్రకటించిరి. 1995లో ప్రకటితమైన మరియొక ప్రయోగమున 60 మంది రోగులకు 12 వారములు గింజతో చేసిన మందు నిచ్చి గుణము కనుగొనిరి. కాని పోల్చి చూచుటకు వేరు గుంపును ఏర్పరచుకొనలేదు. లండనులో 2004లో ఎనిమిది మంది రోగులకు ఒక దినము గింజ మందును మరియొక దినము మాత్రను ఇచ్చి పోల్చిరి. 30 గ్రాముల గింజ మందు సుమారు 35 నిమిషములలో పనిచేయగా, మాత్రకు 69 నిమిషములు పట్టినది. ఇటలీ వైద్యులు బొలీవియాలో 18 మందిపై చేసి 2017లో ప్రకటించిన పరీక్షయు గింజకు అనుకూలముగనే వచ్చినది. కాని అది ఒక్కొక్క మోతాదుతో చేసిన పరీక్ష. వారే 14 మందికి వారముల తరబడి పొడి నిచ్చి చూడగా ఏడుగురు నడుమ మానుకొనిరి. నలుగురు కడుపు బాధకు ఓర్వలేక, ముగ్గురు కదలిక క్షీణించి. కార్బిడోపా తోడులేని డోపా దారిలోనే ఖర్చగునని కాట్జియాస్ నాడే చూచినదానికి ఇది మరియొక సాక్ష్యము.

మూలికలను గూర్చి నెల్లూరు తీరవాసులకు గల నమ్మకము ఈనాటిది కాదు. శ్రీహరికోట అడవిలో - అది 2022లో తిరుపతి జిల్లాలో చేరినది, అంతకు పూర్వము నెల్లూరు జిల్లాలోనిదే - యానాదులు తరతరములుగా తేనె, వేళ్లు, ఔషధపు గింజలు ఏరి జీవించిరి. వారి జీవనమును గూర్చి వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో ఆంగ్లమున గ్రంథము వెలయించిరి. కొద్ది యేండ్లకే, 1969లో, ఆ దీవి రాకెట్ల కేంద్రముగా ఎన్నుకొనబడినది. ఏ ఆకు యెక్కడ మొలచునో ఎరిగినవారి పేర్లు శాస్త్రవ్యాసములకు ఎక్కవు. ఇది మాకు ఎన్నడును న్యాయముగా తోచలేదు. మరి 2021 మే నెలలో కరోనా వేళ కృష్ణపట్నమున ఒక నాటుమందు కొరకు జనము వేలకొలది బారులు తీరుట మనము చూచితిమి. రాష్ట్రప్రభుత్వము ఆ నెల చివరి దినమున నోటి ద్వారా పుచ్చుకొను మందులలో కొన్నిటికి అనుమతించి, కంటిలో వేయు చుక్కలను నాటికి ఆపినది. మందు ఏది యన్నది యొక ప్రశ్న, ఏ దారిని పోవునన్నది వేరొక ప్రశ్న యని ప్రభుత్వమువారును ఎరుగుదురు.

ఆ రెండవ ప్రశ్నయే నేడు పసుపును వేధించుచున్నది. పసుపులోని కర్‌క్యుమిన్‌కు పాత్రలో పెట్టి చూచినప్పుడు కనబడు గుణములు చాల. మ్రింగినచో రక్తమునకు చేరునది అత్యల్పము. మెదడునకు చేరునది అంతకంటె అల్పము. మతిమరపు వ్యాధి కల వారికి 24 వారములు ఇచ్చి చూచి 2012లో ప్రకటించిన పరీక్షలో లాభము కనబడలేదు. అదే మతిమరపు వ్యాధికి మంచుదేశపు ఒక దుంపపువ్వునుండి 1952లో తీసిన గాలంటమిన్ అను పదార్థము అమెరికాలో 2001లో మందుగా అనుమతి పొందినది. అది గోడ దాటగలదు. కావున మూలికల సారమును అతిసూక్ష్మమైన కొవ్వు గోళికలలో పొదిగి పంపుట, గోడకు గల వాకిళ్లను పట్టు తాళపుచెవులవంటి అణువులను వానికి తగిలించుట, ముక్కు పైభాగమున వాసన నాడుల వెంట పంపుట మొదలగు ప్రయత్నములు మన దేశమునను విదేశములందును సాగుచున్నవి. మన పూర్వుల నస్యకర్మ గుర్తునకు వచ్చును గాని, రెండును ఒకటే యనుట తొందరపాటు. ఎలుకలలో మంచి ఫలితములు వచ్చినవి. ఎలుక ముక్కునకును మనుష్యుని ముక్కునకును గల భేదము అల్పము కాదు. ఇట్లు పొదిగిన మూలికాసారము ఏదియు ఈ వ్యాధులకు మనుష్యుల వాడుకకు అనుమతి పొందిన మందుగా ఇంతవరకు వెలువడలేదు. డోపా మాత్రము క్రొత్త దారులు పట్టినది: పీల్చు పొడిగా అమెరికాలో 2018లోను, చర్మము క్రింద రాత్రింబవళ్లు ఎక్కు ద్రవముగా 2024లోను దానికి అనుమతి వచ్చినది.

ఇండ్లలో పెద్దవారికి ఈ మాత్రలు వాడుచున్నవారు రెండు సంగతులు ఎరిగియుండుట మంచిది. దూలగొండి పొడి అంగడిలో దొరకుచున్నది గదా యని మాత్రలతోపాటు దానిని కూడ వైద్యునికి చెప్పక ఇచ్చుట ప్రమాదము. గింజలోనిదియు డోపాయే, కాని యెంత పోయినదో లెక్క యుండదు. ఇక రెండవది. డోపా పోవు వాకిలిని ఆహారపు మాంసకృత్తులనుండి వచ్చిన అమినో ఆమ్లములును వాడుకొనును. చేపలు, గ్రుడ్లు, పప్పు, పెరుగు దండిగా భుజించిన వెంటనే మాత్ర వేసినచో ఆ వాకిట త్రొక్కిడి యగును, కొందరికి మాత్ర పని చేయనే చేయదు. మాత్ర పనిచేయుట లేదని మోతాదు పెంచక ముందు, అది వేసికొన్న వేళ యేదో వైద్యునికి చెప్పవలెను. సాధారణముగా వారు చెప్పునది భోజనమునకు అరగంట మొదలు గంట ముందు. చేపల పులుసు మానవలసిన పని లేదు. మాత్ర వేసికొని, అది గోడ దాటువరకు పులుసు కుండను పొయ్యి మీదనే యుంచిన చాలును.